చెత్త లేని ఇల్లు

సీసా నిండా ప్లాస్టిక్ చెత్త కూరి తేకపోతే పర్యావరణం సబ్జెక్టులో ఫెయిలేనని బడిలో చెప్పారు. మారివిక్ ఇల్లంతా వెతికితే గుప్పెడు కూడా దొరకలేదు. ఆమె అమ్మమ్మ పేరు పాసింగ్. కొబ్బరిపాలు కలిపిన బియ్యాన్ని అరటాకుల్లో చుట్టి, ఉడికించి, సుమాన్ అనే ఆ వంటకాన్ని సంతలో అమ్ముతుంది. ఇంటికి చేపలు వచ్చేదీ ఆకులోనే.

“మనింట్లో చెత్త లేదని చెప్పలేకపోయావుటే?”

“చెప్పానమ్మమ్మా. బద్ధకానికి సాకులొద్దంది టీచరు.”

పాసింగ్ కొత్త ప్లాస్టిక్ కవర్లు రెండు కట్టలు కొనుక్కొచ్చింది. ఇద్దరూ కూర్చుని వాటిని కత్తెరతో ముక్కలు చేసి సీసా నింపారు.

మర్నాడు మారివిక్ బడి నుంచి ఎగురుకుంటూ వచ్చింది. “నాదే ఫస్టు అమ్మమ్మా! ఇక నెలకో సీసా తెమ్మన్నారు.”

ఆ వారం సంత మొదలుకుని పాసింగ్ ఒక్కో సుమాన్‌కీ ఆకు మీద ప్లాస్టిక్ కవరు తొడిగి అమ్ముతోంది.

“తిన్నాక కవరు పారెయ్యకండర్రా, నాకు తెచ్చివ్వండి. మా పిల్ల పాసవ్వాలి.”