విరగని కడ్డీ

"ఎనిమిది గళ్లలో టిక్కు ఉందమ్మా. తొమ్మిదోదే బోసిగా ఉంది," అంటూ గుమాస్తా కాగితాన్ని కిటికీలోంచి వెనక్కి తోశాడు.

ఇవతల నిలబడ్డ పిల్లని ఆ కాలేజీలో అందరూ ఇనపమ్మ అంటారు. లోహాల మీద డాక్టరేటు కోసం ఏడేళ్లుగా ఫర్నేసుల పక్కనే కాగిపోయింది మరి. చదవమన్న పాఠాలన్నీ చదివింది, రాయమన్న పరీక్షలన్నీ రాసింది. రెండు వ్యాసాలు అచ్చయ్యాయి. ఏనుగు వెళ్లి తోక చిక్కినట్టు ఆ ఒక్క గడి దగ్గర ఆగింది.

"ఇవాళ సాయంత్రం ఐదింటితో నీ ఏడేళ్ల గడువు సరి. ఆ తర్వాత నేనే కాదు, ఈ కిటికీ కట్టిన మేస్త్రీ వచ్చినా ఏం చెయ్యలేడు. వెళ్లి మీ గైడు గారి సంతకం తెచ్చుకో."

ఆ తొమ్మిదో గడి సంగతేమిటంటే, ఆమె తయారుచేసిన లోహంతో మూడు కడ్డీలు పోతపోసి, ఒక్కొక్కదాన్నీ ఎర్రగా కాలే ఫర్నేసులో బిగించి, కింద ఉన్న పెట్టెలో పళ్లెం మీద బరువు పెట్టి వేలాడదీయాలి. బరువు దేనికీ ఆనకుండా గాల్లో ఉంటేనే కడ్డీ మీద లాగుడు. అలా సాగి సాగి అది ఎన్ని గంటలకి విరిగిందో రాసుకోవాలి. మొదటి రెండూ మూడేసి నెలల్లో విరిగాయి. మూడోదానికి పాళ్లు ఆమే సొంతంగా మార్చింది. అది కాస్త సాగి ఆగిపోయింది. పద్నాలుగు నెలలైనా విరగనంటే విరగనంటోంది.

గైడు గదిలో కుర్చీల మీద కూడా కాగితాలే.

"విరగలేదనే రాసి సంతకం పెట్టండి సార్. అదీ ఫలితమే కదా."

"బతికున్నవాడికి చావు సర్టిఫికెట్టు ఇస్తారా అమ్మా? మూడు విరగాలన్నారు, మూడూ విరగాలి."

"పోనీ కింద బరువుల పెట్టె ఒక్కసారి తెరిచి చూద్దాం సార్."

"తెరిస్తే కదులుతుంది. కదిలితే పద్నాలుగు నెలలూ నీళ్లపాలు." ఆ పెట్టె తాళంచెవి ఆయన జేబు దాటదు.

"పోయినేడు నేనిచ్చిన థీసిస్ అయినా..."

"అక్షరం అక్షరం చదివాను. వేలు పెట్టే చోటు లేదు. ఈ గదిలో ఎక్కడ పోతుందోనని వేరేచోట భద్రంగా దాచాను కూడా. ఆ ఒక్క అంకె పట్రా, అందులో వేసి సంతకం పెట్టేస్తాను."

ఆ మాటకే ఆమె మనసు కాస్త నిమ్మళించింది. నాలుగొందల పేజీల కట్ట అది. ఎర్ర రిబ్బనుతో రెండు పీటముళ్లు వేసి, ముడుల మీద తన పేరు రాసిన చీటీ అంటించి మరీ ఇచ్చింది. చదివానన్నాడు, అది చాలు.

ఫర్నేసు గదిలో ఆమెకో స్టూలు లాగి వేశాడు బాబాయ్. వరసకి బాబాయ్ కాదు, ఫర్నేసులు చూసుకునే మనిషి. ఆమె వచ్చిన మొదటి రోజున చెయ్యి కాలితే తడిగుడ్డ చుట్టాడు, అప్పట్నుంచీ బాబాయే.

"అమ్మాయ్, వేడి నాలుగు గీతలు పెంచనా? గంటలో విరిగి కూర్చుంటుంది. గోడకి కూడా తెలీదు."

"గోడకి తెలీకపోయినా కడ్డీకి తెలుస్తుంది బాబాయ్."

"ఆ కడ్డీ వచ్చి సాక్ష్యం చెబుతుందా ఏమన్నా?"

"చెప్పదు. అయినా వద్దు."

నిజానికి ఆమె చెయ్యి ఒకసారి మీట దాకా వెళ్లింది. వెళ్లి, మీట మీది దుమ్ము తుడిచి వెనక్కి వచ్చింది.

మూడింటికి అమ్మ ఫోను. "విరిగిందా?"

"లేదమ్మా."

"ఏ తల్లయినా బిడ్డ చేసిన వస్తువు విరగాలని కోరుకుంటుందా? నా ఖర్మ కాకపోతే."

నాలుగున్నరయింది. అద్దపు కంతలోంచి చూస్తే కడ్డీ ఎర్రగా, నిటారుగా, నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. విరగవే తల్లీ అని బతిమాలింది. బాబాయ్ అయితే తిట్టాడు కూడా. ఐదు కాగానే వసారా చివర ఆఫీసు కిటికీ మూసిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. ఇద్దరూ గడియారం వంక చూడలేదు.

గైడు గుమ్మంలోకి వచ్చాడు. "నియమం నియమమే, ఏం చేస్తాం. సోమవారం నుంచి ఈ మిషను వేరేవాళ్లకి కావాలి, బరువులు దించెయ్," అని తాళంచెవి బాబాయ్ చేతిలో పడేశాడు. పెట్టెవైపు చూడనైనా చూడకుండా వెళ్లిపోయాడు.

ఆమె ఏడవలేదు. కొంగుతో మొహం మాత్రం తుడుచుకుంది. "డిగ్రీ పోతే పోయింది బాబాయ్. పద్నాలుగు నెలలు అంత వేడిలో, అంత బరువు మోసింది. నా లోహం లొంగలేదు. ఈ జన్మకి ఆ మాట చాలు నాకు."

"గట్టిదే తల్లీ. నీ పోలికే," అన్నాడు బాబాయ్. కూలబడి, తుప్పు పట్టిన తాళం తిప్పి, పెట్టె తలుపు లాగాడు. లాగినవాడు లాగినట్టే ఉండిపోయాడు.

"ఏమైంది బాబాయ్?" అంటూ ఆమె వంగి చూసింది.

బరువుల పళ్లెం గాల్లో లేదు. ఎర్ర రిబ్బను కట్టిన నాలుగొందల పేజీల కట్ట మీద హాయిగా కూర్చుని ఉంది, రెండు పీటముళ్ల మీదా ఆమె పేరున్న చీటీ అంటించింది అంటించినట్టే ఉంది.