గోదాట్లో పోసిన కషాయం

"నువ్వింకా ఆ మాత్రలు వేసుకుంటున్నావమ్మాయీ," అన్నారు జీవరాజుగారు, నాడి మీంచి వేళ్ళు తీసేస్తూ.

మధులత బిత్తరపోయింది. పక్కనే బల్ల మీద కూర్చున్న అత్తగారు సీతారామలక్ష్మి ముఖంలో నెత్తురుచుక్క లేదు. అత్తాకోడళ్ళిద్దరూ పొద్దున్నే రాజమండ్రిలో బస్సెక్కి, వంతెన దాటి, కొవ్వూరులో ఈ ఆయుర్వేద వైద్యుడి గుమ్మం ఎక్కింది ఈ మాట వినడానికి కాదు. కడుపు పండే రోజు దగ్గరపడిందని ఆయన నోట వింటామేమోనన్న ఆశతో వచ్చారు.

"పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలేనా మీరనేది?" అంది సీతారామలక్ష్మి గొంతు తగ్గించి.

"అవేనమ్మా. నేనిచ్చిన మందుకి ఒళ్ళు మాట వింటోంది. నెల దారిలో పడుతోంది. హమ్మయ్య అనుకునేలోగా ఎవరో పట్టి ఆపినట్టు ఆగిపోతోంది. మళ్ళీ మొదటికొస్తోంది. ఇది నా మందు తప్పు కాదు."

ఏ వైద్యుడైనా తన మందు తప్పంటాడా ఎక్కడైనా? కాకపోతే జీవరాజుగారి గొంతులో గొప్ప లేదు. బాధే ఉంది.

"మానేసి ఏడాది దాటిందండీ," అంది మధులత. అందులో అబద్ధం లేదు. పండిట్ ట్రైనింగ్ పూర్తయ్యేదాకా పిల్లలు వద్దనుకుని వేసుకుంది. పరీక్షలు రాసి వస్తుంటే, రైలు వంతెన మీద అందరూ కిటికీల్లోంచి గోదారమ్మకి చిల్లర వేస్తున్నారు. తను మిగిలిన మాత్రల అట్ట వేసేసి దణ్ణం పెట్టుకుంది. ఆ తరవాత నెలలు గతి తప్పాయి. అప్పట్నించీ పిల్లిపీచర గడ్డల పొడి, అశోక బెరడు కషాయం, నువ్వులుండ, ఏది చేతిలో పెడితే అది కళ్ళు మూసుకుని మింగింది. ఇంతా చేసి దొంగ అనిపించుకుంటే ఏడుపు రాదూ మరి?

"నిజం చెప్పు మధూ," అంది అత్తగారు. "ఉద్యోగం వచ్చేదాకా ఆగుదామని నువ్వూ మా అబ్బాయి మణిశంకరూ అనుకున్నారా? నాతో చెప్తే నేనేమన్నా కాదంటానా?"

"లేదత్తయ్యగారూ. నేనేదీ దాచలేదు."

"మరి ఈయనెందుకంటారు? తెల్లారగట్లే లేచి, మడి కట్టుకుని, నీళ్ళన్నీ ఇగిరి గ్లాసుడు అయ్యేదాకా పొయ్యి దగ్గర నించుని కషాయం కాస్తున్నానే నేను. నువ్వేమో చాటుగా ఆ మాత్ర మింగుతుంటే ఎలా? కంచే చేను మేస్తే ఇంక దేవుడు మాత్రం ఏం కాపాడతాడు?"

అత్తగారు ఎప్పుడూ పల్లెత్తు మాట అనే మనిషి కాదు. అందుకే మధులతకి అంత గట్టిగా తగిలింది.

జీవరాజుగారు పొట్లాలు పక్కకి జరిపేశారు. "ఇలాగైతే ఇవాళ్టితో ఆపేద్దామమ్మా. పనిచెయ్యని మందు ఊరికే తాగించడం నాకు చేతకాదు."

ఈ గుమ్మం కూడా మూసుకుంటే తనకింక తల్లినయ్యే దారే లేదనిపించింది మధులతకి. అత్తగారి చేతిలో చెయ్యి వేసింది.

"నాకు పుట్టబోయే బిడ్డ మీద ఒట్టు, అత్తయ్యగారూ. నేను..."

సీతారామలక్ష్మి చప్పున కోడలి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "తప్పు తల్లీ. ఇంకా భూమ్మీద పడని పసిగుడ్డు మీద ఒట్టేంటి?" అంటూనే ఆవిడకీ కళ్ళనీళ్ళు తిరిగాయి. కోడల్ని దగ్గరకి తీసుకుని, కొంగుతో ముఖం తుడిచింది. పాపం, అనుమానించినందుకు ఆవిడ మనసు గిలగిల్లాడింది.

"రాజుగారూ, మా పిల్ల అబద్ధం చెప్పదండి. ఏ తల్లయినా ఆ ఒట్టు అబద్ధానికి వేస్తుందా? దాని నోట్లోకి ఏం వెళ్ళినా నా చేతి మీదుగానే వెళ్తోంది. నన్ను నమ్మండి."

ఆయన ఇద్దర్నీ చూసి, పక్కకి పెట్టిన పొట్లాలు మళ్ళీ ముందుకు జరిపారు.

"సరేనమ్మా. మీ మాట మీద మళ్ళీ మొదలుపెడతాను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నెల ఎప్పుడు రావాలో ఒళ్ళు తనంతట తనే మళ్ళీ నేర్చుకోవాలి. మధ్యలో ఇంకోటేదైనా దూరి దాన్ని ఆపిందో, మీరు కాచిన కషాయమంతా గోదాట్లో పోసినట్టే."

"అలాగేనండి. కంటికి రెప్పలా చూసుకుంటాను," అంది సీతారామలక్ష్మి.

మధులతకి గుండె మీంచి బరువు దిగినట్టయింది. అత్తగారు తనని నమ్మారు. మందు ఆగలేదు. ఆ పూటకి అంతకన్నా ఏం కావాలి?

పొట్లాలు సంచిలో సర్దుకుని లేచారు. గుమ్మం దాకా వెళ్ళిన సీతారామలక్ష్మి ఆగి, సంచి అడుగున చెయ్యి పెట్టి వెతికింది. చిన్న మాత్ర ఒకటి తీసి కోడలి అరచేతిలో పెట్టి, "కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా రాజుగారూ?" అంది.

ఆయనే కుండలోంచి ముంచి తెచ్చి ఇచ్చారు. మధులత మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది.

"ఏం మాత్రమ్మా అది?" అన్నారు జీవరాజుగారు, ఖాళీ గ్లాసు అందుకుంటూ.

"అబ్బే, ఇది ఆ మాత్ర కాదండి," అని సీతారామలక్ష్మి తేలిగ్గా నవ్వింది. "సంతానం కోసమని నెలనెలా షష్ఠికి దీని చేత సుబ్రహ్మణ్యేశ్వరుడి పూజ చేయిస్తున్నాను కదండీ, తీరా పీటల మీద కూర్చునే వేళకి పిల్ల బయట చేరకుండా, ప్రతి నెలా నేనే దగ్గరుండి వేయిస్తాను."