జస్తం ముక్కు

తాను కిరాయికిచ్చిన గదిలో తెల్లటి పొడి కనబడగానే అక్కమ్మ గడపలోనే ఆగిపోయింది.

నారాయణఖేడ్‌లో తెల్ల పొడి అంటే ముందు గుర్తొచ్చేది కల్లులో కలిపే మత్తు మందే. ఆమె మొగుణ్ణి మింగింది అదే. ఇప్పుడు కొడుకు దశరథ్‌కు సీసా పడకపోతే చేతులు వణుకుతున్నాయి.

గదిలో ఉండేది స్టాన్లీ సారు. పట్నంలో ఏదో కాలేజీలో పని చేసేవాడట. కరెంటు పొయ్యి, గాజు గొట్టం పట్టుకుని వచ్చాడు. గొట్టంలో జస్తం, అదే జింకు, కాల్చి వెంట్రుకకన్నా సన్నటి తీగలు పెంచుతానని, వాటితో వాసన పట్టే ముక్కు చేస్తానని చెప్పాడు.

"దేవుడిచ్చిన ముక్కు సాలదా సారూ?" అని నవ్వింది ఆ రోజు. అక్కా అని పిలిచినందుకు రోజూ జొన్నరొట్టె పెట్టింది.

ఇప్పుడు నవ్వు రాలేదు.

"తీగెలంటివి. గిది పిండి లెక్కుంది."

"తీగెలే అక్కా. కంటికి ఆనయి."

మూలన చీటీలంటించిన రెండు కల్లు సీసాలు. ఒకటి కల్లు గీసే బీరప్ప చెట్టు నుంచి దింపింది, ఒకటి మొగులయ్య కల్లు దుకాణంలోది. చుక్క ముట్టని మనిషికి కల్లెందుకు?

నా రొట్టె తిని నా కొడుక్కే మందు వండుతున్నాడా అనుకుంది. వాడకట్టంతా వినేలా అరిచింది.

అందరికన్నా ముందు ఉరికొచ్చింది మొగులయ్యే. కట్టెతో గాజు గొట్టం పగలగొట్టి, పొయ్యిని బయటి మురికి మోరీలోకి తన్నాడు.

"మా కల్లును బద్నాం చేసేది గిసొంటోళ్లే" అన్నాడు.

స్టాన్లీ అతని వంక చూసి మూట సర్దుకున్నాడు. పోతూపోతూ అగ్గిపెట్టెంత డబ్బా అక్కమ్మ చేతిలో పెట్టాడు.

"నువ్వు సుత నమ్మవైతివి అక్కా. ఆ రెండు కల్లులు ఈ ముక్కు ముంగట పెట్టి చూడు."

దాన్ని గూట్లోకి విసిరేసింది. అతను బస్సెక్కి పోయాడు. ఎక్కడుంటాడో ఎవరూ అడగలేదు.

నెల తిరగకముందే దశరథ్, మొగులయ్య దుకాణం ముందు నురగలు కక్కుతూ పడిపోయాడు. దవాఖానలో చేర్చి, గుడ్డలకని ఇంటికొచ్చిన అక్కమ్మకు ఒకటే ఆలోచన.

మందు చేసేటోడు పోయిండు. మరి మందెక్కడిది?

డబ్బా దులిపింది. బీరప్ప దగ్గర చెట్టు కల్లు తెచ్చి ముందు పెట్టింది. ఏమీ కాలేదు. దశరథ్ ఇంట్లో తాగి మిగిల్చిన ఆ దుకాణం సీసా పెట్టింది.

ఎర్ర దీపం వెలిగింది.

మందును పట్టించే మనిషిని మందు కలిపేవాడి కట్టెకు అప్పగించింది తానే.