కాలేజీలకు నేనేసిన మార్కులు

మా ఇంట్లో పెద్ద నిర్ణయమేదైనా నా నోటినుంచి రావాల్సిందే. పిల్లల పెళ్లిళ్ల నుంచి వంటింటి గోడ రంగు దాకా, నేను ఊఁ అంటేనే జరిగాయి. నాది వీధిబడి చదువే. అయితేనేం? పదంతస్తుల ఆఫీసులో ముప్పై ఏళ్లు లిఫ్టు నడిపాను. నేను పైకి తీసుకొచ్చినంతమందిని ఏ ప్రొఫెసరూ తీసుకురాలేదు.

అందుకే మనవరాలు నా కుర్చీ పక్కన చేరింది.

"తాతయ్యా, హెల్త్ ప్రమోషన్‌లో పీజీ. నాలుగు కాలేజీలున్నాయి. నువ్వొచ్చి చూసి, ఏది మంచిదో తేల్చాలి."

"అదేం చదువే అమ్మడూ?"

"రోగమొచ్చాక మందిచ్చేది డాక్టరు. రాకముందే జనం వెంటపడి అలవాట్లు మార్పించేది ఈ చదువు."

"మీ అమ్మమ్మ పెళ్లైన మర్నాటినుంచీ చేస్తున్నది అదేగా! దానికి పట్టా ఎవరిచ్చారు?"

"తమరు మారి ఉంటే ఇచ్చేవాళ్లే," అంది మా ఆవిడ వంటింట్లోంచి.

అమ్మడు నవ్వలేదు. "వేళాకోళం కాదు తాతయ్యా. వచ్చే నెలాఖరులోగా ఇది తేలకపోతే నాకో ఏడాది గంగలో కలిసినట్టే."

కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. ఇంకేం చేస్తాను? లేచి చెప్పులేసుకున్నాను.

మా అమ్మాయి బుగ్గలు నొక్కుకుంది. "డాక్టరు నడవమంటే గుమ్మం దాటవు. ఇది పిలిస్తే బయల్దేరావా నాన్నా!"

"డాక్టరు నన్ను సలహా అడిగాడా? ఇది అడిగింది."

మొదటి కాలేజీలో ఆ డిపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టేమో మరమ్మతులో ఉంది. లిఫ్టు నడిపినవాడికి మెట్లెక్కడమంటే చావుతో సమానం. అయినా ఎక్కాను. మొదటి అంతస్తులో కిటికీలోంచి చెట్లు చూసే నెపంతో ఆగాను. రెండో అంతస్తులో కిటికీ లేదు. అయినా ఆగాను. పైకి చేరాక నోరు తెరిస్తే గాలి వచ్చిందిగానీ మాట రాలేదు.

ఊపిరి అందాక తీర్పిచ్చాను. "లిఫ్టు బాగుచేయించుకోలేనివాళ్లు లోకం ఆరోగ్యం ఏం బాగుచేస్తారే? సున్నా మార్కులు. పద!"

"సరే తాతయ్యా. ఎల్లుండి ఇంకోటి చూద్దాం."

రెండోచోట అమ్మడు నాకంటే ముందు లోపలికి పరుగెత్తి, దారి కనుక్కొచ్చింది. లిఫ్టు తలుపు మీద 'పనిచేయదు' అని కాయితం. జిగురు ఇంకా తడిగానే ఉంది. నేను తలుపుకి చెవి ఆనించాను. లోపల మోటారు పిల్లిలా గుర్రుమంటోంది.

"భేషుగ్గా ఉందే ఇది! స్టాఫు తమకోసం దాచుకున్నారు దొంగలు. మార్కులు కోసెయ్."

"కోసేద్దాం తాతయ్యా. ముందు పైకెక్కి వాళ్ల మొహాలు చూసొద్దాం."

మూడోచోట లిఫ్టుకి క్యూ చాంతాడంత ఉంది. క్యూలో నిలబడటం మా ఇంటా వంటా లేదు. విసుక్కుంటూ మెట్లే ఎక్కాను. తీరా ఇంటికొచ్చాక, ఒక్కసారి చూసి తేల్చేస్తే అన్యాయం, మూడూ మళ్లీ చూడాలంది అమ్మడు.

"పెళ్లిచూపులకే ఒక్కసారి వెళ్లానే నేను!"

"ఆ తొందరకేగా జీవితమంతా అనుభవిస్తున్నాను," అంది మా ఆవిడ.

మళ్లీ తిరిగాం. ఒక్కో కాలేజీని తిడుతూ ఎక్కాను, తిడుతూ దిగాను. తిట్టడానికి ఊపిరి బాగానే సరిపోతోంది.

చివరికి నాలుగోది. గేటు దగ్గరి కాపలావాడు మమ్మల్ని చూడగానే సలాం కొట్టాడు. క్యాంటీన్‌వాడు అడక్కుండానే అమ్మడికి చక్కెర లేని టీ తెచ్చిచ్చాడు. ఎంత మర్యాద తెలిసిన కాలేజీ! అక్కడే కొన్ని మార్కులు కలిపాను. ఇక మెట్లంటారా, పైకి చేరేదాకా కాళ్లకి తెలియనే లేదు.

"ఇక్కడ మెట్లు ఎత్తు లేకుండా కట్టారే అమ్మడూ!"

"మంచి మేస్త్రీ దొరికుంటాడు తాతయ్యా," అంది అటు తిరిగి.

ప్రొఫెసరమ్మ కుర్చీలోంచి లేచి మరీ నాకు నమస్కారం పెట్టింది. అమ్మడిని ఒక్క ప్రశ్నా అడగలేదు. నిద్ర పడుతోందా, మోకాళ్లెలా ఉన్నాయి, ఇంట్లో ఎంతసేపు కూర్చుంటున్నారు అని అన్నీ నన్నే అడిగింది. పెద్దలంటే అంత గౌరవం! ఒకసారి నేను ఏనుగుపిల్లను లిఫ్టులో పదో అంతస్తుకి చేర్చిన సంగతి చెబితే అదీ శ్రద్ధగా విన్నది.

"మెట్లెక్కి వచ్చారా, మధ్యలో ఎక్కడైనా ఆగారా?" అంది.

"ఆగడమా? ఆగితే మాటలు చెప్పేదెవరు?"

ఇక నాన్చకుండా తేల్చేశాను. "అమ్మడూ, ఇదే కాలేజీ. నూటికి నూరు!"

ప్రొఫెసరమ్మ మనవరాలి భుజం తట్టింది. "గట్టెక్కావమ్మా," అంది. అమ్మడు నన్ను వాటేసుకుని, నవ్వలేక ఏడవలేక నా చొక్కా తడిపేసింది.

చూశారా? దానికి ఇంటర్వ్యూ లేదు, అప్లికేషను లేదు, నా ఒక్కమాటతో పని జరిగిపోయింది.

నా కథల్లో కల్పన ఎంత అని అడిగేవాళ్లుంటారు కాబట్టి నేనే చెప్పేస్తాను, ఇందులో కల్పించింది మనవరాలు కాలేజీ వెతుక్కుంటోందన్న ఒక్క ముక్కే, అదీ నాది కాదు దానిదే: ఇంట్లో నాకొక్కడికే తెలీదుగానీ, అమ్మడు ఆ ప్రొఫెసరమ్మ దగ్గర చదువుకి చేరి అప్పటికే ఏడాదైంది, 'ఎవరి మాటా వినని మొండిమనిషిని ఒకణ్ణి కుర్చీలోంచి లేపి నడిపించుకు రా' అని ఆవిడ పెట్టిన పరీక్షకి అది పట్టుకెళ్లిన జవాబుని నేను.