మ్యాగజీన్ లేని రైఫిల్

“చవకదే గానీ గట్టిది, లొరీన్ గారూ. మీ ఆయన వెర్నన్ దీంతో ఎన్ని ఉడతల్ని కొట్టాడో,” అంటూ తుపాకుల కొట్టు ఎల్డన్ ఆ రైఫిల్‌ని అటూ ఇటూ తిప్పాడు. “తూటాలు నింపే మ్యాగజీన్ ఏదీ?”

“మా డ్వెయిన్‌ని పాతిపెట్టిన రోజే ఏట్లో పారేశాను.”

ఎల్డన్ తల దించుకున్నాడు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. మ్యాగజీన్ తీసేశాను, ఖాళీయే కదా అనుకుని వెర్నన్ రైఫిల్ తుడవబోయాడు. గొట్టంలో ఒక్క తూటా మిగిలి ఉంది. ఎదురుగా కొడుకు డ్వెయిన్ కూర్చుని ఉన్నాడు.

“ఆ తర్వాత మా ఆయన పదకొండేళ్లు బతికాడు. దీన్ని మళ్లీ ముట్టుకోలేదు,” అంది లొరీన్. “పోయిన నెల గుండె ఆగి పోయాడు. ఇక నాకెందుకిది?”

గొట్టం ఖాళీయో కాదో చూడటానికి ఎల్డన్ అలవాటుగా రైఫిల్ బోల్టు వెనక్కి లాగాడు. తూటా ఒకటి ఎగిరి గాజుబల్ల మీద పడి, దొర్లుకుంటూ ఆమె చేతి దగ్గర ఆగింది.

“అప్పటిదే అయ్యుంటుంది,” అందామె.

“అప్పటిది పేలిపోయింది కదండీ.” ఎల్డన్ గొంతు తగ్గించాడు. “మ్యాగజీన్ లేకుండా ఇంకోటి దానంతటది లోపలికి పోదు. ఎవరో చేత్తో పెట్టాలి.”

లొరీన్ ఆ తూటాని చేతిలోకి తీసుకుంది.

డ్వెయిన్ పోయిన ఏటి చలికాలం ఓ సాయంత్రం, రైఫిల్ దాచిన కొట్టంలోకి వెళ్లిన వెర్నన్ ఎంతకీ రాలేదు. కొడుకు పోయిన దగ్గర్నుంచీ ఆమె అతనితో మాట్లాడటం మానేసింది. ఆ పూట మాత్రం గుమ్మంలోకి వచ్చి, “చిక్కుడుగింజలు చల్లారిపోతున్నాయి,” అని కేకేసింది. అదీ విసుగ్గానే.

వెర్నన్ వచ్చాడు. చేతులు కడుక్కుని, మారు అడిగి మరీ పెట్టించుకుని తిన్నాడు.