ఉయ్యాల చెప్పిన గుండె

కాలనీలో అందరిళ్లలో లాగే నీలవేణి ఇంట్లోనూ ఉయ్యాలే పసివాణ్ణి తూస్తుంది. వాడు పెరిగే తీరు చూసి, నలభయ్యో ఏట వాడి గుండె ఎలా ఉంటుందో చెబుతుంది. బారసాల సాయంత్రం దాని పచ్చదీపం ఎర్రబడింది.

"ఒక్కరోజులో నూటయాభై గ్రాములు పెరిగాడు. ఇంత వేగం గుండెకు ముప్పు," అంది ఉయ్యాల.

ఆ రాత్రి నుంచే నీలవేణి పాలిచ్చే వేళలు సగానికి తగ్గించేసింది. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే చెవులు మూసుకుని కూర్చుంది.

ఐదో రోజు అత్తగారు సుభద్రమ్మ నలుగు పెడుతుంటే, బారసాలకి తొడిగిన వెండి మురుగు వాడి చేతిలోంచి జారి పడింది. సుభద్రమ్మ దాన్ని అరచేతిలో ఎగరేసి చూసి నిర్ఘాంతపోయింది.

"ఓసి నా తల్లీ! మొలతాడూ కడియాలూ మురుగులూ కలిపి తూచిందే ఆవేళ ఈ ఉయ్యాల!"

అన్నీ విప్పేసి వాణ్ణి మళ్లీ ఉయ్యాలలో పడుకోబెట్టారు.

"బిడ్డ చిక్కిపోయాడు. చిక్కినవాడు ఒక్కసారిగా ఒళ్లు చేస్తే గుండెకు మరింత ముప్పు," అంది ఉయ్యాల.

వాణ్ణి ఎత్తుకోగానే నీలవేణి రవిక పాలతో తడిసిపోయింది. రొమ్ముకు ఆనించుకోబోయిన చేతులు మధ్యలోనే ఆగిపోయాయి.

"ఇయ్యవే అమ్మా, గొంతెండిపోతోంది వాడికి," అంది సుభద్రమ్మ.

నీలవేణి ఎర్రదీపం మీంచి చూపు తిప్పలేదు.

"ఎన్ని గుక్కలు ఇయ్యమంటారత్తయ్యా?"