చెరిపేసిన దారి

వైవా గదిలోకి వెళ్లేముందు ప్రసన్నకుమారి చేయాల్సిన పనులు ఇవి. తను తయారుచేసిన ప్రాజెక్టు బోర్డుకు కొత్త బ్యాటరీ వేయాలి. బేతంచెర్ల గనుల నుంచి కర్నూలు పెద్దాసుపత్రి దాకా ఉన్న నూటపన్నెండు దారుల దూరాలు మరోసారి సరిచూడాలి. తనను ఆటోలో తీసుకొచ్చిన హెన్రీ మామకు టిఫిను పెట్టించాలి. ఒక దారిని చెరిపేయాలి.

నాలుగూ చేసింది. చివరిది మామ చూడకుండా చేసింది.

"అంబులెన్సుకు దగ్గరి దారి చూపుతుందన్నావు. మామూలు కంప్యూటరుకూ దీనికీ తేడా ఏంటమ్మా?" అడిగారు పరీక్షకు వచ్చిన బాలస్వామి సారు.

"అందులో అంకెలు ఒకచోట దాచి, ఇంకోచోటికి మోసుకుపోయి లెక్కచేస్తారు సార్. ఇందులో దాచినచోటే లెక్క జరుగుతుంది. ఒక్కో మెమరీ గడి ఒక్కో దారి. కరెంటు ఇస్తే అన్ని దారులూ ఒకేసారి చూసి, దగ్గరిదాని దీపాలు వెలిగిస్తుంది."

"గని నుంచి ఆసుపత్రికి చూపించు."

వెనక బెంచీలో హెన్రీ ముందుకు వంగాడు. రెండేళ్ల కిందట గనిలో బండ కింద పడిన ఆమె నాన్న దాసన్నను ఆసుపత్రికి తెచ్చింది ఆయన ఆటోలోనే. పావుగంట ముందొచ్చుంటే బతికేవాడన్నారు డాక్టర్లు. ఆ మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

దీపాలు వెలిగాయి. ఆ రోజు హెన్రీ వచ్చిన దారే.

సారు మ్యాపు మీద పెన్సిలు పెట్టి కొలిచారు. "పదిహేను నిమిషాలు తగ్గే దారి ఇక్కడుంది. నీ బోర్డుకు కనపడలేదే?"

"తప్పే సార్."

"ఆరు నెలలాగి మళ్లీ రా."

వరండాలో హెన్రీ బోర్డు అందుకున్నాడు. "ఆ దావ నువ్వే తీసేసినావు కదా పాపా?"

ఆమె బ్యాగు జిప్పు లాగింది.

"నాకు ఎరుకలేని దావనా? ఆటో తోలేటోన్ని."

"ఆ కంగారులో నీకు తోచలేదనుకున్యా మామా. ఇప్పుడు చూస్తే తట్టుకోలేవని..."

"ఎంత సదివినా తిక్కదానివే. పో, సారుకు ఉండేది చెప్పి మళ్లా పెట్టు. నేనేం కంగారులో పోలేదు. తెలిసే పోయినా."

"తెలిసీ సుట్టు తిరిగి యాల పోయినావు?"

హెన్రీ బోర్డు మీద లేని దుమ్ము తుడిచాడు.

"చెప్పు మామా."

"మీ నాయనే వద్దనె. 'ఆ దావ పాప కాలేజీ ముందర పోతాది. గేటుకాడ మనోళ్లు చూసినారంటే, పరీక్ష రాసేదాన్ని లేపి పిల్సకొస్తారు. సుట్టు తిప్పు బామ్మర్దీ' అనె."

ఆ రోజు ఆమె మూడు గంటలూ కూర్చుని రాసింది. అడిషనల్ పేపర్లు కూడా అడిగి తీసుకుంది. చదివినవాళ్లు దాసన్నను గుర్తుపెట్టుకోండి.